ముందు పోసిన నీళ్ళు

పౌలు మాస్టారి మీద దేవకుమారికి చెప్పుకోదగ్గ ఫిర్యాదులేమీ లేవు. పేకాడడు, చుట్ట కాల్చడు, కూరలో ఉప్పు తక్కువైతే తనే లేచి వేసుకుంటాడు. ఉన్నదల్లా ఒకటే బాధ. ఆయన్ని ఉత్త క్రైస్తవుడంటే ఒప్పుకోడు. బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి "మీరు క్రైస్తవులా అండి?" అని మాటవరసకు అడిగితే, తన చిరునామాలో వీధీ ఊరూ కొట్టేసి జిల్లా పేరొక్కటే మిగిల్చినట్టు నొచ్చుకుని, "లూథరన్" అని దిద్దుతాడు. తెనాలిలో వాళ్ళ వీధిగుమ్మం పక్కన "టి. పౌలు, బి.ఎ., బి.ఇడి., లూథరన్" అని నల్లబోర్డు మీద తెల్లక్షరాలతో రాసి ఉంటుంది. దేవకుమారి కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో పక్కింటి దుర్గాంబగారు ఆమెను దడి దగ్గర పట్టుకుని, మీవారు ఆ మూడోది ఎప్పుడు ప్యాసయ్యారమ్మా అని అడిగింది. పుట్టిన ఎనిమిదో రోజునేనండి అని దేవకుమారి ఉన్న నిజమే చెప్పింది.

దేవకుమారిది బాపట్ల. పుట్టింటివాళ్ళు బాప్టిస్టులు. పెళ్ళితో ఇంటిపేరు మారినట్టే శాఖా మారింది. ఆ రెంటిలో దేనికోసమూ ఆమె నిద్ర పాడుచేసుకోలేదు. ఆ పని వాళ్ళమ్మ రిబ్కమ్మగారు చేసేది. రిబ్కమ్మగారికి పద్దెనిమిదో ఏట సూర్యలంక సముద్రంలో బాప్తిస్మమిచ్చారు. సరిగ్గా ముంచే సమయానికి పెద్ద అల ఒకటి వచ్చి పాస్టరుగారినీ ఆమెనూ కలిపి ముంచేసిందనీ, అంత సంపూర్ణమైన బాప్తిస్మం ఈ కోస్తాలో ఇంకెవరికీ జరగలేదనీ ఆవిడ గట్టి నమ్మకం. ఊహ తెలియని పసిబిడ్డ నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే అది బాప్తిస్మం కాదు సరికదా, స్నానం కూడా కాదనేది. రక్షణ నీటి లోతును బట్టి వచ్చేటట్లయితే ముందు చేపలకు రావాలని అల్లుడు బదులు రాసేవాడు. ఇద్దరూ కార్డు ముక్కల మీద వాదించుకునేవారు. రెండు లైన్లు యోగక్షేమాలు, తక్కినదంతా బైబిలు వచనాల సంఖ్యలు. పోస్టుమాను అవి చదివి, అత్తా అల్లుడూ ఏదో లెక్క తెగక అవస్థ పడుతున్నారనుకునేవాడు.

ఇలా ఉండగా అరవై ఆరో సంవత్సరం జూన్‌లో దేవకుమారికి కొడుకు పుట్టాడు. తొలి కాన్పు కాబట్టి బాపట్లలోనే జరిగింది. పుట్టగానే వాడు ఏడవలేదు. డాక్టరమ్మ కాళ్ళు పట్టుకుని వేలాడదీసి వీపు మీద తడుతోంది. మంచం పక్కన నిలబడ్డ రిబ్కమ్మగారిని తప్పించుకుంటూ నర్సు అటూ ఇటూ పరుగెడుతోంది. ఆ గందరగోళంలో ఎక్కడినుంచో నాలుగు చన్నీటి చుక్కలు వచ్చి దేవకుమారి చేతి మీద పడ్డాయి. ఎవరో చేతులు కడుక్కుంటున్నారనుకుంది. అంతలో వాడు వీధిలోకి వినబడేలా ఏడిచాడు. ఆ చుక్కల సంగతి ఆమె మళ్ళీ తలుచుకోలేదు.

పేరు దగ్గర పేచీ వచ్చింది. మొగపిల్లాడైతే కిరణ్ అని పెట్టుకోవాలని దేవకుమారి ఏడో నెలలోనే తల్లికి చెప్పుకుంది. తెనాలి వచ్చాక భర్తకూ చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ పేరు విన్నవాడు మనది ఏ శాఖో చెప్పగలడా?" అని అడిగాడు.

"చెప్పలేడు కదండీ. అందుకే."

ఆయన దాన్ని హాస్యం కింద జమకట్టి, మార్టిన్ లూథర్ అని ఖాయం చేశాడు. పిలిచినప్పుడల్లా పక్కింటివాళ్ళు కూడా లేచి నిలబడాల్సిన పేరు ఉయ్యాలలో పిల్లాడికెందుకని దేవకుమారి అనుకుంది గానీ, పైకి అనలేదు. ఇంట్లో వాణ్ణి "నాన్నా" అని పిలుస్తూ రోజులు నెట్టుకొచ్చింది.

బాప్తిస్మం దసరా సెలవుల్లో అనుకున్నారు. సెలవులు మొదలయ్యే వారంలోనే పిల్లాడికి జ్వరం పట్టుకుంది. మూడు రోజులైనా దిగలేదు. సాయంత్రానికి తగ్గకపోతే గుంటూరు తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. ఆ రోజు దేవకుమారి దిండు గలేబు మూడుసార్లు మార్చింది. ఒకసారి పొద్దున, ఒకసారి భోజనాలయ్యాక, ఒకసారి నాలుగింటికి. మార్చిన ప్రతిసారీ చెమట పడుతోంది, జ్వరం దిగుతోందని సంతోషించింది. నిజంగానే చీకటి పడేలోపు దిగింది. డాక్టరు తన మందు పేరు రెండుసార్లు చెప్పుకున్నాడు. బాప్తిస్మం మాత్రం నవంబరుకు వాయిదా పడింది.

ఆ నవంబరు శనివారం పొద్దున పెట్టుకున్న పని చాలా చిన్నది. కొండయ్య పాస్టరుగారు కాఫీకి వస్తారు, రిజిస్టరులో నాలుగు గడులు నింపుకుని పోతారు. మర్నాడు పది గంటలకు గుళ్ళో బాప్తిస్మం, ఒంటిగంటకు విందు. మేకపోతును కొని పెరట్లో కట్టేయడం అప్పటికే అయిపోయింది. "మా కుమారుడు చి. మార్టిన్ లూథర్ బాప్తిస్మ మహోత్సవమునకు" అని అచ్చువేసిన కార్డులు ఊరంతా పంచడమూ అయిపోయింది. పౌలు మాస్టారి తల్లి కరుణమ్మగారు వారం ముందే రేపల్లె నుంచి వచ్చి పెత్తనం తీసుకుంది. రిబ్కమ్మగారు ఆ పొద్దున్నే బాపట్ల బండి దిగింది. రావడం మనవణ్ణి చూడ్డానికే గానీ ఆ చిలకరింపు చూడ్డానికి కాదని గుమ్మంలోనే ప్రకటించింది. ఆమెకు ముందుగది, వియ్యపురాలికి వెనకగది ఇచ్చి, మధ్యలో ఉయ్యాల కట్టింది దేవకుమారి.

కొండయ్య పాస్టరుగారు రిటైరు కావడానికి ఏడాదే ఉంది. సైకిలు దడికి ఆనించి, వసారాలో కూర్చుని, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాసుకున్నారు. తర్వాత, కొన్ని వందలసార్లు అడిగి అరిగిపోయిన గొంతుతో, "ఈ బిడ్డకు ఇంతకుముందు బాప్తిస్మం జరగలేదు కదా" అన్నారు. అని, జవాబు కోసం చూడకుండానే కలం సిరాబుడ్డిలో ముంచారు.

వసారా చివర ఆరోగ్యమ్మ కాళ్ళు చాపుకుని, పిల్లాణ్ణి మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసిన మనిషి. రోజూ వచ్చి నీళ్ళు పోసి పోతుంది. ఆదివారం ఆర్.సి.ఎం. గుడికి, అంటే రోమన్ కాథలిక్కుల గుడికి వెళ్తుంది. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అయ్యగారూ, ఆ మాట అడిగారు కాబట్టి చెబుతానండి," అంది. "నేనిచ్చానండి."

పాస్టరుగారి కలం నుంచి ఒక చుక్క రిజిస్టరు మీద పడింది.

జ్వరం వచ్చిన మూడో రోజు పొద్దున, ఒళ్ళు తుడవడానికి వచ్చినప్పుడు, పిల్లాడి కళ్ళు తేలిపోతుంటే చూసి ఊరుకోలేకపోయిందట. చావుబతుకుల్లో ఉన్న బిడ్డకు ఎవరైనా ఇవ్వచ్చని ఫాదరుగారు నేర్పిన పాఠమే. మందు తాగించే ఔన్సు గ్లాసుతో నీళ్ళు పోసి, పోయినవాటిని దొరికించే పునీతుడి పేరు పెట్టిందట. అంతోని.

పౌలు మాస్టారు కూర్చున్న కుర్చీలోంచి లేచి, నిలబడడం ఎందుకో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. ఆ పూట మాటలు సరిగ్గా అన్నావా అని ఆమెను నిలదీశాడు. లాటిన్‌లో అన్నానండి అని ఆరోగ్యమ్మ తలెత్తి చెప్పింది.

"లాటిన్‌లో అంటే దేవుడికి ఏం అర్థమై ఉంటుంది?" అంది లోపల్నుంచి వచ్చిన కరుణమ్మగారు.

"ఆయనకు బాగానే వచ్చమ్మా," అన్నారు పాస్టరుగారు నీరసంగా. నీళ్ళు పడి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అన్న ఆ మూడు నామాలూ పలికితే చాలనీ, పోసిన చెయ్యి ఎవరిదైనా అది చెల్లుతుందనీ, చెల్లినదాన్ని రెండోసారి ఇవ్వడానికి తనకు అధికారం లేదనీ వివరించారు.

అది విన్న కరుణమ్మగారు ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది. జ్వరం సంగతి విని రేపల్లె నుంచి వచ్చినప్పుడు, ఆ మూడో రోజు మధ్యాహ్నమే, కోడలు అన్నం తింటుండగా, ఆరాధన పుస్తకం చివరి పేజీలు చూసుకుంటూ, తనూ ఒక గ్లాసు పోశానని బయటపెట్టింది. పేరు వాళ్ళాయనది, యాకోబు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, కొడుకు కార్డులు వేయించుకుని అంత సంబరపడుతుంటే చెప్పబుద్ధి కాలేదట.

దేవకుమారికి రెండు గలేబుల లెక్క తేలింది. మూడోది ఇంకా తేలలేదు. ఆమె నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది.

"నాలుగింటికి మీరు బడినుంచి వచ్చారు కదండీ ఆ రోజు?"

పౌలు మాస్టారు బోర్డు మీద లెక్క తప్పు చేసి పిల్లలకు దొరికిపోయినప్పటి మొహం పెట్టాడు. తండ్రిగా తన బాధ్యత తను నెరవేర్చాననీ, అందులో తప్పేముందనీ గొణిగాడు. ఏ పేరుతో అని ఎవరూ అడగలేదు.

ముందుగది గుమ్మంలో నిలబడి రిబ్కమ్మగారు ఇదంతా వింటోంది. ఆ పొద్దున ఆవిడ అనుభవించిన సుఖం బాపట్లలో ఇరవై కార్డులు రాసినా దొరికేది కాదు. ఒక్కొక్కరూ ఒప్పుకునేకొద్దీ ఆవిడ తమలపాకు ఈనె తీయడం ఇంకాస్త నెమ్మదిగా సాగింది. "ఒకే రోజు మూడు స్నానాలా వదినగారూ," అంది వియ్యపురాలితో. "జ్వరంతో ఉన్న పిల్లాడికి? మాదాంట్లో ఒక్కసారేనమ్మా. అదీ ఈత వచ్చినవాళ్ళను పక్కన పెట్టుకుని."

మేకపోతు కూరకు పెద్ద గుండిగ అరువిద్దామని వచ్చిన దుర్గాంబగారు అన్నీ విని, "మాలోనూ ఉన్నాయిలెండి నిలువు నామాలూ అడ్డ నామాలూ. కానీ ఇంతమంది తలా ఒక గ్లాసు పోస్తే వాడికి జలుబు చెయ్యలేదూ?" అని అడిగింది. ఆ వసారాలో బిడ్డ ఆరోగ్యం గురించి అడిగింది ఆవిడొక్కతే.

పాస్టరుగారు ఆలోచించి తీర్పు చెప్పారు. మూడింటిలో ముందుది ఏదో అదే బాప్తిస్మం. తక్కినవి ఉత్త నీళ్ళు. ముందుది పొద్దునది. కాబట్టి బిడ్డ పేరు అంతోని. రేపు తను చేయగలిగింది ఆ జరిగినదాన్ని గుళ్ళో చదివి ఖాయపరచడం, అంతే.

పౌలు మాస్టారు వీధిగుమ్మం వైపు చూశాడు. అక్కణ్ణుంచి బోర్డు వెనకవైపు కనిపిస్తుంది. "అంటే నా కొడుకు ఆర్.సి.ఎం. అన్నమాట," అన్నాడు. నీళ్ళకు శాఖ ఉండదు మాస్టారూ అని పాస్టరుగారు చెప్పబోతే, నీళ్ళకు లేకపోయినా నర్సమ్మకు ఉంది కదండీ అన్నాడు. విందు మానేద్దామన్నాడు. కరుణమ్మగారు కళ్ళనీళ్ళు పెట్టుకుని రేపల్లె బండి ఎన్నింటికని అడిగింది. ఆరోగ్యమ్మ మాత్రం మా ఫాదరుగారు వింటే ఎంత సంతోషిస్తారో అంటూ, అంతోనికి సాంబ్రాణి పొగ వేయడానికి నిప్పులు తెచ్చుకుంది.

దేవకుమారికి ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. మార్టిన్ లూథర్ నుంచి తప్పించుకున్నందుకు సంతోషించేలోపు అంతోని వచ్చి కూర్చున్నాడు. ఏడో నెల నుంచి నోట్లో నానుతున్న ఆ చిన్న పేరు ఈ ముగ్గురి మధ్యా ఎక్కడా లేదు. తల్లితో చెప్పుకుందామని అటు తిరిగింది.

రిబ్కమ్మగారు నవ్వడం లేదు. తమలపాకు చేతిలో రెండు ముక్కలై ఉంది. మనవడు అంతోని అయ్యాడన్న మాట దగ్గర ఆవిడ ఆగిపోయింది. లూథరన్లను ఎగతాళి చేయడం వేరు, మనవణ్ణి ఆర్.సి.ఎం. వాళ్ళకు వదిలేయడం వేరు. ఆవిడ నోరు ఒకసారి తెరుచుకుని మూసుకుంది. వాళ్ళమ్మ నోరు తెరిచి మాట బయటికి రాకపోవడం దేవకుమారి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అప్పుడు జూన్ నెల నాటి ఆ చన్నీటి చుక్కలు మళ్ళీ వచ్చి ఆమె చేతి మీద పడ్డాయి.

"అమ్మా," అంది మెల్లిగా. "వీడు పుట్టినప్పుడు నా చేతి మీద నీళ్ళు పడ్డాయే. అవి ఎక్కడివి?"

"నాకేం తెలుసు? ఆసుపత్రన్నాక నీళ్ళుండవా?"

"నీ మరచెంబు నీ చేతిలోనే ఉంది కదే."

రిబ్కమ్మగారు గుమ్మంలోంచి వచ్చి, ఎవరూ రమ్మనకుండానే, వసారా అరుగు మీద కూర్చుంది. ఆవిడ చెప్పింది చాలా తక్కువ. బిడ్డ ఏడవలేదు. నీలంగా ఉన్నాడు. డాక్టరమ్మ వాడి వీపు చరుస్తోంది. తన చేతిలో మరచెంబు ఉంది. మూత ఎప్పుడు తిప్పిందో తెలియదు. మూడుసార్లు పోసింది. మాటలన్నీ సరిగ్గానే అంది, తెలుగులోనే అంది.

"పేరు?" అన్నారు పాస్టరుగారు.

"మా అమ్మాయి అనుకున్న పేరే. కిరణ్."

పౌలు మాస్టారి మొహంలో నాలుగేళ్ళ కార్డులన్నిటికీ ఒక్కసారే జవాబు దొరికిన వెలుగు కనిపించింది. ఆ వెలుగులోనే, ఇది ఒప్పుకుంటే మార్టిన్ లూథర్ పోతాడనీ, ఒప్పుకోకపోతే అంతోని వస్తాడనీ లెక్కా కనిపించింది. ఆయన లెక్కల మాస్టారు. రెండు వైపులా కూడి చూసుకుని, నిట్టూర్చి, "ముందుది ముందుదేగా పాస్టరుగారూ," అన్నాడు.

పాస్టరుగారు రిజిస్టరులో పేరు రాసి, పక్క గడి దగ్గర ఆగారు. ఇలా గుడి బయట జరిగినదాన్ని ఖాయపరచాలంటే పుస్తకం ప్రకారం మర్నాడు గుళ్ళో, సంఘమంతటి ముందూ, పోసినవారు లేచి నిలబడి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. చెప్పకపోతే తరువాతివారి వరసే.

"నేనా? లూథరన్ గుళ్ళోనా?" అంది రిబ్కమ్మగారు. ఇంట్లో ఒప్పుకున్నది చాలనీ, ఇది బాపట్లదాకా పాకితే తన సంఘంలో తల ఎత్తుకోలేననీ, మూడింటి బండికి వెళ్ళిపోతాననీ సంచీ సర్దుకుంది.

దేవకుమారి అమ్మను బతిమాలలేదు. రెండున్నరకు పిల్లాణ్ణి తెచ్చి ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టి, పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. పిల్లాడు అమ్మమ్మ బొటనవేలు పట్టుకుని నిద్రపోయాడు. మూడింటికి బండి కూత వినిపించింది. రిబ్కమ్మగారు కూత వచ్చినవైపు చూసింది, వేలివైపు చూసింది. "ఏవే," అని రెండుసార్లు పిలిచింది. దేవకుమారికి ఆ పూట చెవులు సరిగ్గా వినపడలేదు.

ఆదివారం గుడి నిండిపోయింది. సంగతి రాత్రికి రాత్రే అన్ని ఇళ్ళకూ చేరినట్టుంది. ఎప్పుడూ రాని బ్రదరన్ సంఘం వాళ్ళు ఇద్దరు కిటికీ దగ్గర నిలబడ్డారు. కరుణమ్మగారు ముందు వరసలో, ఆరోగ్యమ్మ నడుమ వరసలో కూర్చున్నారు. రిబ్కమ్మగారు సంచీతో సహా ద్వారం పక్కన, చిట్టచివర కూర్చుంది. ఏ క్షణాన లేచిపోతుందోనని దేవకుమారి, పిల్లాణ్ణి ఎత్తుకుని, ముందుకు చూడవలసినదల్లా వెనక్కి చూస్తోంది. పాట అయిపోయింది. కొండయ్య పాస్టరుగారు పుస్తకం తెరిచి, "ఈ బిడ్డకు బాప్తిస్మమిచ్చినది ఎవరు?" అని చదివారు.

ఎవరూ లేవలేదు. ఆరోగ్యమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

పిల్లాడు దేవకుమారి భుజం మీదినుంచి వెనకవైపు చూసి, ఎవరో తెలిసినవాళ్ళు కనిపించినట్టు ఒక కేక పెట్టాడు. సంచీ కింద పెట్టిన చప్పుడైంది.

"నేనేనండి," అంది రిబ్కమ్మగారు.

"దేనితో?"

"నీళ్ళతోనండి. మరచెంబు నీళ్ళు."

"ఎవరి నామమున?"

ఆవిడ ఆ మూడు నామాలూ తడుముకోకుండా చెప్పింది. పుస్తకంలో ఉన్న ప్రశ్నలు అక్కడికి అయిపోయాయి. పాస్టరుగారు కూర్చోమన్నట్టు చెయ్యి చూపించారు. రిబ్కమ్మగారు కూర్చోలేదు. వరసల మధ్యగా నడిచి వచ్చి, మనవడి పక్కన నిలబడి, గుళ్ళో ఉన్నవాళ్ళందరి వైపూ తిరిగింది.

"నేను బాపట్ల బాప్టిస్టునండి. పసిబిడ్డల తల తడిపితే ఏమొస్తుందని నలభయ్యేళ్ళుగా మీ అందరినీ చూసి నవ్వాను. నా మనవడు ఏడవకపోయేసరికి నేనూ అదే చేశాను. ఆ కాస్సేపు నేను బాప్టిస్టునో, మీరు లూథరన్లో, ఎవరు ఏదో నాకు ఒక్కటీ గుర్తులేదు. మిమ్మల్ని చూసి నవ్వడం తప్పండి. నాదే తప్పు."

పెళ్ళయిన నాలుగేళ్ళలో మొట్టమొదటిసారి, పౌలు మాస్టారు అత్తగారి మాటకు గుడంతా వినబడేలా ఆమేన్ అన్నాడు.